తేనెటీగల పెట్టెలు వేరే ఊరి రైతుకు అమ్మితే ఎలా పంపాలి? ఏ కాగితాలు ఉంచుకోవాలి?

దేవరకొండ నుంచి అడిగిన అన్నా, మీ ఇరవై ఇటాలియన్ ఈగల పెట్టెల్లో పది నాగర్‌కర్నూల్ రైతు కొంటానన్నాడని, బస్సు డిక్కీలో వేసి పంపొచ్చా అని రాశారు. బస్సు మాట మరచిపోండి. డిక్కీలో గాలి ఆడదు, ఈగలు బతకవు. ఒక్క మూత జారితే చంటిపిల్లలతో కూర్చున్న తల్లులు ఎటు పరుగెత్తుతారు? వెనక తెరిచి ఉన్న ట్రాలీ ఆటో గానీ బొలెరో గానీ మాట్లాడుకోండి.

నేను మునుగోడు వైపు రైతును. మొదటిసారి అమ్మినప్పుడు మూడు పెట్టెలు చేజేతులా చంపుకున్నాను. మార్చి నెల, అచ్చంపేట దగ్గరి రైతుకు పన్నెండు పెట్టెలు. డ్రైవర్ తొందరపెడితే సాయంత్రం నాలుగున్నరకే ద్వారాల్లో గుడ్డలు కుక్కి మూసేశాను. మూత కింద జాలీ లేదు. బరువుగా ఉంటే రైతు సంతోషపడతాడని తేనె కూడా తియ్యలేదు. దారిలో తిండికని బండి గంటసేపు ఆగింది.

రాత్రి దింపేటప్పుడు మూడు పెట్టెల్లో చప్పుడు లేదు. కింది మూల నుంచి తేనె కారుతోంది. మూత తీస్తే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. మైనం మెత్తబడి తేనెపట్లు, అవి అంటుకుని ఉండే చెక్క ఫ్రేముల నుంచి ఊడి ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. ద్వారం దగ్గర బెత్తెడు మందాన ఈగల కుప్ప, నూనెలో ముంచి తీసినట్టు నల్లగా, తడిగా. ఆ రైతు ఒక్క మాట అనలేదు. టార్చిలైటు పట్టుకుని అట్లనే నిలబడ్డాడు.

ఈగలు చచ్చేది కుదుపులకు కాదు, ఉక్కకు. పిల్లపురుగులున్న చోటును అవి 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుకుంటాయి, వేడెక్కితే రెక్కలతో విసురుకుంటాయి. ద్వారం మూసుకుపోతే అన్నీ అటే ఎగబడి ఉన్న సందునూ కప్పేస్తాయి. బెదిరినకొద్దీ వేడి పెరుగుతుంది, మైనం జారుతుంది, తేనెలో మునిగిపోతాయి.

ఇప్పుడు నేను రెండు రోజుల ముందే తేనె తీసేస్తాను. దారిఖర్చుకు ఒకటి రెండు ఫ్రేముల తేనె చాలు. ఫ్రేములు కదలకుండా సన్న మేకులు కొట్టి, లోపలి మూత తీసి దాని జాగాలో ఇనుప జాలీ బిగిస్తాను. అడుగుపలక, పెట్టె కలిపి పాత సైకిల్ ట్యూబుతో గట్టిగా చుట్టాలి. పొద్దుగూకి చివరి ఈగ లోపలికి వచ్చాకే ద్వారానికి జాలీ కొట్టాలి, గుడ్డ వద్దు. బండిలో వరిగడ్డి పరిచి, ఫ్రేముల పొడుగు బండి పొడుగుతో కలిసేలా పెట్టాలి. అడ్డంగా పెడితే బ్రేకు వేసినప్పుడల్లా ఫ్రేములు ఒకదానికొకటి కొట్టుకుని రాణి నలిగిపోవచ్చు. వరుసల మధ్య గాలికి జాగా వదలండి, పైన టార్పాలిన్ కప్పొద్దు.

రాత్రి ఎనిమిది తర్వాత కదిలి తెల్లారేలోపు చేరాలి. బండి నడుస్తున్నంతసేపు గాలి ఆడుతుంది, ఆగితేనే ప్రమాదం. జాలీ మీద అరచెయ్యి పెట్టి చూడండి. సన్నటి హోరు, గోరువెచ్చటి గాలి అయితే పరవాలేదు. హోరు పెరిగి వేడి కొడితే నీళ్లు చిలకరించండి. దారిలో బండి చెడిపోయి తెల్లవారితే, జనం తిరగని నీడకు దింపి ద్వారాలు తెరవాల్సిందే. పోయే ఈగలు పోతాయి, పెట్టె బతుకుతుంది. ముసుగులు, పొగడబ్బా, ఎర్రగుడ్డ చుట్టిన టార్చి దగ్గరుండాలి. ఎరుపు వాటి కంటికి ఆనదు. కుట్టించుకున్నవాళ్లకు ఊపిరి బిగిసినా ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆగకుండా 108కి చేయండి.

కాగితాల సంగతి. బతికున్న ఈగలకు జీఎస్టీ లేదు, కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే కాగితం) అడగరు. అయినా అమ్మినవారు, కొన్నవారు, పెట్టెల సంఖ్య, తేదీ రాసి ఇద్దరి సంతకాలతో కాగితం ఉంచుకోండి. జాతీయ తేనెటీగల బోర్డు 2021లో తెచ్చిన మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు చేసుకుని ఆ కాపీ కూడా జతచేయండి. రాత్రిపూట పోలీసు ఆపితే మాట సులువవుతుంది. సబ్సిడీలో వచ్చిన పెట్టెలైతే అమ్మే ముందు ఉద్యానశాఖ వాళ్లను అడగండి. ఎప్పుడైనా శ్రీశైలం రోడ్డు మీదుగా పంపాల్సి వస్తే, మన్ననూరు దగ్గరి అటవీశాఖ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందని గుర్తుంచుకోండి. అక్కడ ఇరుక్కుంటే పెట్టెలు ఉడికిపోతాయి. ఇంకొకటి, కొండ తేనెటీగలను పెట్టెలో పెట్టి ఇస్తామనే వాళ్లను నమ్మకండి, అవి పెట్టెలో నిలవవు. నల్లమలలో తేనె తీసుకునే హక్కు అక్కడి చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. దాని మీద మనం బేరాలు పెట్టడం తప్పు.

పగలే రైతును పిలిచి పెట్టె విప్పి చూపించండి. ఎన్ని ఫ్రేముల మీద ఈగలున్నాయి, గుడ్లున్నాయా, రాణి ఏ ఏడాదిది, దాచకుండా చెప్పండి. పట్టులో మూత గుంటపడ్డ పిల్లపురుగు గదిలో అగ్గిపుల్ల గుచ్చి లాగితే గోధుమరంగు తీగలా సాగిందా, ఆ పెట్టె అమ్మకండి, ఊరు దాటించకండి. అది పిల్లపురుగులను కుళ్లబెట్టే రోగం, కొన్నవాడి పెట్టెలన్నిటికీ అంటుతుంది. కొనేవాళ్లు మీ ఊళ్లోనే మూడు కిలోమీటర్ల లోపు ఉంటే మేతకు బయట తిరిగే ఈగలు మీ పాత జాగాకే తిరిగొస్తాయి. అలాంటప్పుడు పెట్టెలను రెండు మూడు వారాలు దూరంగా ఎక్కడైనా ఉంచి తర్వాత చేర్చండి. బత్తాయి పూత మొదలయ్యే జనవరిలో అమ్మితే ఇద్దరికీ మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఎంత ధర ఇచ్చినా నేను కదిలించను.

చేరిన చోట నీడన పెట్టి అరగంట ఆగి ద్వారాలు తెరవాలి. ముందర వేపమండ అడ్డం పెడితే బయటికొచ్చే ఈగలు ఆగి కొత్త జాగాను గుర్తుపెట్టుకుంటాయి. నేను సగం డబ్బు లోడు ఎత్తేటప్పుడు, మిగతా సగం నాలుగైదు రోజులకు కొత్త గుడ్లు కనబడ్డాక తీసుకుంటాను.

ఆ అచ్చంపేట రైతుకు మరుసటి ఏడాది మూడు పెట్టెలు ఊరికే ఇచ్చాను. తనే బండి తెచ్చుకున్నాడు. ఎక్కించాక ఒక్కో జాలీ మీద అరచెయ్యి ఆనించి చూసుకుని, ‘ఇగ పోనియ్’ అని డ్రైవర్‌తో అన్నాడు.