నడుస్తున్న స్టాక్‌లో మూడో స్విచ్ కలపాలంటే ముందు దాని కరెంటు తీసేయండి

రెండు సిస్కో కెటలిస్ట్ 9300 నెట్‌వర్క్ స్విచ్‌లు స్టాక్‌లో (ప్రత్యేక కేబుళ్లతో కలిసి ఒకే స్విచ్‌లా) నడుస్తున్నాయి, ఆఫీసు పని ఆగకుండా మూడోది కలపవచ్చా అని అడిగారు. కలపవచ్చు. కానీ స్టాక్ కేబుళ్లు బిగించడం పూర్తయ్యేవరకు కొత్త స్విచ్‌కు కరెంటు ఇవ్వకండి.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ ఆఫీసులో పరువు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది. మూసేసిన మరో శాఖ నుంచి ఒక స్విచ్ వచ్చింది. పాత కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) మొత్తం చెరిపేసి, ఇక కడిగిన ముత్యమే అనుకున్నాను. ఉదయం పదకొండు గంటల వేళ, అది ఆన్‌లో ఉండగానే స్టాక్‌కు తగిలించాను. కాసేపటికి ర్యాక్‌లో ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. స్విచ్ రీబూట్ అయినప్పుడు వచ్చే ఆ హోరు వింటే ఇప్పటికీ నా గుండె జారుతుంది. రిసెప్షన్‌లో పనిచేసే కర్నూలు అమ్మాయి తలుపు తోసుకుని వచ్చి, "అన్నా, కరెంటు ఉంది గానీ ఫోన్లన్నీ ఆరిపోయాయి" అంది. ఆ ఫోన్లకు కరెంటు అందించేదీ ఆ స్విచ్‌లే మరి.

తప్పు నాదే. స్టాక్‌లో పెత్తనం ఏ స్విచ్‌దో తేల్చే అంకె ప్రయారిటీ, పెద్దది ఉన్నదే గెలుస్తుంది. అది 1 నుంచి 15 వరకు ఉంటుంది, మనం మార్చకపోతే 1. స్టార్టప్ కాన్ఫిగరేషన్ చెరిపినా ప్రయారిటీ, స్విచ్ నంబరు చెరగవు. వచ్చిన స్విచ్‌లో 15 అలాగే ఉండిపోయింది, నావి రెండూ 1. ఒంటరిగా నడుస్తున్న స్విచ్ కూడా తనంతట తాను ఒక స్టాకే. అలాంటివి రెండు కలిస్తే యాక్టివ్ స్థానానికి, అంటే స్టాక్‌ను నడిపే పెత్తనానికి, పోటీ జరుగుతుంది. ఓడినవి రీబూటై, గెలిచినదాని కాన్ఫిగరేషన్ తీసుకుంటాయి. గెలిచినదాని దగ్గర ఉన్నది తెల్లకాగితం! నా ల్యాప్‌టాప్‌లో మూడు వారాల నాటి బ్యాకప్ ఉండబట్టి మధ్యాహ్నానికి బయటపడ్డాను.

అందుకే ముందు ఇప్పటి కాన్ఫిగరేషన్‌ను బయట దాచుకోండి. మీ మొదటి స్విచ్‌కు 15, రెండోదానికి 14 ప్రయారిటీ ఇవ్వండి. నడుస్తున్న యాక్టివ్‌ను అది కదపదు, తర్వాతి ఎన్నికలోనే లెక్కలోకి వస్తుంది. కొత్తదాన్ని విడిగా ఆన్ చేసి ప్రయారిటీని 1కి దించండి, ఐఓఎస్ (స్విచ్ సాఫ్ట్‌వేర్) వెర్షన్, లైసెన్సు స్థాయి పాతవాటితో సరిపోల్చండి, ఆపేయండి. ఆ తర్వాతే కేబుళ్ల జోలికి వెళ్లండి. స్టాక్ కేబుళ్లు స్విచ్‌లను ఒక రింగులా కలుపుతాయి. ఆ రింగులో ఒక్క కేబుల్ తీసినా స్టాక్ ఆగదు, బ్యాండ్‌విడ్త్ సగమవుతుంది, అంతే. రెండో కేబుల్‌ను మాత్రం ముట్టుకోకండి. తీసినచోట కొత్త స్విచ్‌ను మధ్యలోకి తెచ్చి రింగు మూయండి. మూడు స్విచ్‌లకు మూడు కేబుళ్లు కావాలి. స్క్రూలు రెండూ చివరిదాకా తిప్పండి, సగం కూర్చున్న కేబుల్ కంటికి బాగానే కనిపిస్తుంది. ఇప్పుడు కరెంటు ఇచ్చి, 'షో స్విచ్' కమాండ్‌లో మూడూ 'రెడీ' అని, 'షో స్విచ్ స్టాక్-పోర్ట్స్' లో అన్ని పోర్టులూ 'ఓకే' అని వచ్చేదాకా ర్యాక్ దగ్గరే ఉండండి.

మూడోది ఇంకా కొనకపోతే, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో బేరమాడే ముందు మోడల్ పేరులో 9300 వెంటనే వచ్చే అక్షరం చూసుకోండి. 9300ఎల్ రకం మామూలు 9300తో స్టాక్ కాదు.