‘అది కొటేషన్‌లో లేదు’ అంటున్న బిల్డర్: వినియోగదారుల కేసు వేయడానికి మీకు మిగిలింది నాలుగు నెలలే

ప్రశ్న: సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవాలని ముగ్గురు బిల్డర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. అందరికంటే తక్కువ రేటు చెప్పినాయన మా బావగారికి తెలిసినవాడే కావడంతో, అగ్రిమెంట్ రాసుకోకుండా మెటీరియల్‌తో సహా పని అప్పగించాం. రెండో స్లాబ్ పడ్డాక సంప్, సెప్టిక్ ట్యాంకు, పోర్టికో, మెట్ల మీద హెడ్‌రూమ్ కొటేషన్‌లో లేవంటూ అదనంగా అడిగాడు. ఇవ్వలేమంటే పని ఆపేశాడు. ఇరవై నెలలైంది. మిగతా ఇద్దరి కొటేషన్లలో అవన్నీ ఉన్నాయి. ఈయన కాగితం మీద మాత్రం ‘మీరిచ్చిన ప్లాన్ ప్రకారం ఇల్లు పూర్తి చేసి అప్పగించుటకు’ అని, కింద చదరపు అడుగు రేటు ఉంది. హెడ్‌రూమ్ మేము తర్వాత పెద్దది చేయించాం. నాన్నగారు ఈ టెన్షన్‌తో మంచం పట్టారు. పాత తేదీతో స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ తయారు చేయిద్దాం, సంతకం సంగతి నేను చూసుకుంటానని ఒక స్నేహితుడు అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ బిల్డర్ మొదట ఎంత తీయగా మాట్లాడాడో, తర్వాత ఎలా మారాడో మీరు చాలా రాశారు. వాటిలో దేన్నీ కేసులో రుజువు చేయలేం. నాకు కావలసిన మాట మధ్యలో ఎక్కడో రాసి వదిలేశారు: ‘మీరిచ్చిన ప్లాన్ ప్రకారం’. మీ కేసు గెలిచినా ఓడినా ఆ లైనును బట్టే.

అగ్రిమెంట్ లేదు కాబట్టి చేతిలో ఏమీ లేదనుకోకండి. కొటేషన్ అనేది ఒక ప్రతిపాదన. మీరు సరే అన్నాక అది ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇలాంటి ఒప్పందానికి స్టాంప్ పేపర్ ఉండి తీరాలని అనలేదు. ప్లాన్ ప్రకారం పూర్తి చేసి అప్పగిస్తానని రాసి ఇచ్చినవాడు, ఆ ప్లాన్‌లో గీసి ఉన్న పోర్టికో తన లెక్కలో లేదంటే కుదరదు. రేటు తక్కువ కోట్ చేసి నష్టపోయానంటే అది ఆయన లెక్కల తప్పు.

అయితే ఏ ప్లాన్? ఆయన వకీలు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. కొటేషన్ మీద తేదీ, ప్లాన్ మీద తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. కొటేషన్ తేదీ నాటికి ఆయన చేతిలో ఉన్న డ్రాయింగ్‌లో ఉన్నదంతా ఆ ధరలోకి వస్తుంది. తర్వాత మీరు చేయించిన మార్పు రాదు. కాబట్టి హెడ్‌రూమ్ మొదటి ప్లాన్‌లో ఉన్నంత వరకే ఆ ధరలోకి వస్తుంది, పెంచిన మేరకు ఆయన డబ్బు అడగడం న్యాయమే. ఉచితంగా చేస్తానని ఒప్పుకోని పని ఆయన చేసి, దాన్ని మీరు అనుభవిస్తుంటే సముచితమైన సొమ్ము ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 చెబుతోంది. సంప్, సెప్టిక్ ట్యాంకు మామూలుగా సైట్ ప్లాన్‌లో కనిపిస్తాయి. మీరు ఆయనకు ఫ్లోర్ ప్లాన్ షీటు ఒక్కటే ఇచ్చి ఉంటే, ఆ రెండింటి మీద మీ వాదన బలహీనం. ప్లాన్ ఏ రోజు, ఎలా పంపారో వెతకండి. వాట్సాప్‌లో పంపి ఉంటే ఆ మెసేజీ మీ అగ్రిమెంట్‌తో సమానమనుకోండి.

మిగతా ఇద్దరి కొటేషన్లలో ఉన్నాయి కదా అంటున్నారు. ఉంటే? వాళ్లు రాసినదానికి ఈయన బాధ్యుడు కాడు. ఇక్కడే మీ అజాగ్రత్త గురించి ఒక మాట అనక తప్పదు. మూడు కొటేషన్లు తీసుకుని అడుగున ఉన్న మొత్తాలు మాత్రమే పోల్చారు. ఇద్దరు రాసిన నాలుగు పనులు మూడో ఆయన కాగితంలో ఎందుకు లేవని అప్పుడే ఒక మెసేజీ పెట్టి ఉంటే, ఆ జవాబుతో ఈ గొడవ పుట్టేదే కాదు. చదరపు అడుగు రేటు అన్నారు సరే, ఏ అడుగులు? స్లాబ్ ఏరియానా, గోడల బయటి కొలతా, బాల్కనీ పూర్తిగా లెక్కా, సగమా? అది తేల్చని రేటుకు అర్థం లేదు. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది కూడా మీ కాగితంలో ఉన్నట్టు లేదు. మెటీరియల్‌తో చేసే కాంట్రాక్టుకు అది 18 శాతం. రేపు అది కూడా అడిగితే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు అసలు ప్రమాదం, గడువు. ఇల్లు కట్టి ఇవ్వడం కూడా ‘సేవ’ అని వినియోగదారుల రక్షణ చట్టం 2019 నిర్వచనంలోనే ఉంది కాబట్టి, మీరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. పని ఆపి ఇరవై నెలలైందంటే, ఆ తేదీ నుంచి లెక్కిస్తే మిగిలింది నాలుగు నెలలు. ‘మాట్లాడుకుంటున్నాం’, ‘వచ్చే నెల మొదలుపెడతానన్నాడు’ అన్నవి గడువును ఆపవు. లాయర్ నోటీసు ఇచ్చినా ఆపదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. సివిల్ కోర్టులో ఒప్పంద ఉల్లంఘనకు మూడేళ్ల గడువుంది, అయితే అక్కడ కోర్టు ఫీజు ఎక్కువ, కాలం కూడా ఎక్కువే పడుతుంది.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద వెళ్లమని ఎవరైనా చెబితే వినకండి. 2016 నాటి ఆ చట్టం ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే ప్రమోటర్ల కోసం. మీ స్థలంలో మీకు ఇల్లు కట్టే కాంట్రాక్టర్‌కు అది వర్తించదు, అందులోని ఐదేళ్ల నిర్మాణ లోపాల బాధ్యత కూడా మీకు రాదు.

చీటింగ్ కేసూ నిలవదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద నేరం కావాలంటే మోసం చేసే ఉద్దేశం మొదటి నుంచీ ఉండాలి. పునాది నుంచి రెండో స్లాబ్ దాకా ఆయన చేసిన పనే ఆ ఆరోపణకు ఎదురు నిలుస్తుంది. స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఉన్న నాలుగు నెలలూ పోగొట్టుకుంటారు.

ఇక మీ స్నేహితుడి సలహా. అలాంటి ఆలోచన ఈ రోజుతో మానేయండి. ఆ స్టాంప్ పేపర్ ఎవరి పేరున, ఏ రోజు అమ్మారో రికార్డు ఉంటుంది. ‘సంతకం సంగతి చూసుకుంటా’ అంటే ఫోర్జరీ. తయారు చేయడం న్యాయ సంహిత సెక్షన్ 336 కిందకు, తెలిసి వాడడం 340 కిందకు వస్తాయి. ఈ రోజు బాధితులుగా ఉన్నవారు రేపు ముద్దాయిలవుతారు. అంతేకాదు, ఆ దొంగ కాగితం పక్కన పెట్టారంటే నిఖార్సైన కొటేషన్‌ను కూడా అనుమానంగా చూస్తారు.

ముందు సైట్‌ను ఉన్నదున్నట్టు ఉంచి, అర్హతగల సివిల్ ఇంజనీరుతో కొలతలు తీయించండి. ఎంత పని జరిగింది, ఏవేవి మిగిలాయి, జరిగిన పని విలువ ఎంత అన్నది తేదీ, ఫొటోలతో రిపోర్టుగా రావాలి. ఈలోగా వేరే మేస్త్రీని పెట్టి ఒక్క గోడ లేపినా, ఏది ఎవరి పని అన్నది తేలదు. వాట్సాప్ మెసేజీలు ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ తుడవకండి. భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తేనే వాటి ప్రింట్లు నిలుస్తాయి. చెల్లింపులకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. చేతికిచ్చిన నగదుకు రసీదు లేకపోతే, ఎంత ముట్టిందో ఒప్పుకుంటూ ఆయన పెట్టిన మెసేజీలైనా వెతకండి.

రిపోర్టు వచ్చాక, మిగిలిన పనికి మళ్లీ కొటేషన్లు పిలవండి. ఈసారి ఇంజనీరు రాసిన ఒకే జాబితా అందరికీ ఇవ్వండి. ప్రతి పనికీ పరిమాణం, రేటు, సిమెంటు, ఉక్కు రకం విడివిడిగా నింపి, డ్రాయింగ్ షీట్ల తేదీలు రాసి సంతకం పెట్టమనండి. ఇవి ఇల్లు పూర్తి చేసుకోవడానికే కాదు, నష్టం రుజువు చేయడానికీ పనికొస్తాయి. నష్టపరిహారం లెక్క ఇది: మిగిలిన పని పూర్తి చేయడానికి ఇప్పుడయ్యే ఖర్చులోంచి, పాత ఒప్పందం ప్రకారం మీరు ఆయనకు ఇంకా ఇవ్వాల్సిన బాకీ తీసేయాలి. ఆ తీసివేత మరిచి మొత్తం ఖర్చు అడిగేవాళ్లను చాలామందిని చూశాను. మొదటి వాయిదాలోనే పరువు పోతుంది.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల గడువిచ్చి, హెడ్‌రూమ్ పెంపునకు ఇంజనీరు లెక్కగట్టిన సొమ్ము బాకీలో సర్దుబాటు చేస్తామని మీరే రాయండి. ఆయనకున్న ఒకే మంచి వాదన అలా తగ్గిపోతుంది. జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటితే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

ఇంకో సంగతి. ఇదంతా మీ బావగారి వల్లే అని ఆయనతో మాటలు మానేసి ఉంటే, వెంటనే ఆ గొడవ సర్దుకోండి. ప్లాన్ షీట్లు బిల్డర్ చేతికి ఇచ్చిన రోజు ఆయన పక్కనే ఉంటే, మీకున్న ఒకే సాక్షి ఆయనే.