ఆర్‌ఎస్‌ఐ 70 దాటితే బీఎస్‌ఈ షేరు అమ్మేయాలా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నా దగ్గర బీఎస్‌ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్) షేర్లు 60 ఉన్నాయి. డైలీ చార్ట్‌లో ఆర్‌ఎస్‌ఐ 74 చూపిస్తా ఉంది. ఓవర్‌బాట్ అయింది, అమ్మేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎక్స్ఛేంజ్ కంపెనీ షేరుకు ఈ మొమెంటం ఇండికేటర్లు పనికొస్తాయా?"

ఆర్‌ఎస్‌ఐ అంటే షేరు ధర ఊపును (మొమెంటం) 0 నుంచి 100 మధ్య కొలిచే అంకె. అది 70 దాటితే ఓవర్‌బాట్, అంటే మితిమీరి కొనేశారని అంటారు. తమ్ముడూ, పనికొస్తాయి. కానీ 74 అనే అంకె ఒక్కటే చూసి అమ్మొద్దు. ఆ పని నేను చేశాను కాబట్టి చెబుతున్నా. 2023 జూన్‌లో ఇదే షేరు 40 కొన్నాను. జూలైలో ఆర్‌ఎస్‌ఐ 70 దాటగానే మొత్తం అమ్మేశాను. లాభమే వచ్చింది, కాదనను. అయితే ఆ ఏడాది మొదట్లో ఉన్న ధరకు డిసెంబరు చివరికి షేరు నాలుగు రెట్లయింది. తర్వాత చార్ట్ వెనక్కి జరిపి చూస్తే, నేను భయపడి అమ్మిన చోట అసలు పరుగు ఇంకా మొదట్లోనే ఉంది. చాలా రోజులు బాధపడ్డాను.

తప్పు ఇండికేటర్‌ది కాదు, దాన్ని చదవడంలో ఉంది. వెల్స్ వైల్డర్ 1978లో ఇచ్చిన ఆర్‌ఎస్‌ఐ లెక్క చాలా సులువు. గత 14 రోజుల మీద లెక్కేసిన సగటు లాభాన్ని, అదే 14 రోజుల మీద లెక్కేసిన సగటు నష్టంతో పోలుస్తుంది. సగటున లాభం 30 రూపాయలు, నష్టం 10 రూపాయలు అయితే ఆర్‌ఎస్‌ఐ 75 వస్తుంది. అంటే కొనేవాళ్ల బలం అమ్మేవాళ్ల బలానికి మూడింతలుందని అర్థం. షేరు ఖరీదైపోయిందనే మాట అందులో ఎక్కడా లేదు. మంచి ఊపులో ఉన్న షేరు వారాల తరబడి 70 పైనే తిరుగుతుంది.

ఇక ఎక్స్ఛేంజ్ షేరు సంగతి. మా నాన్న పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో చాలా ఏళ్లు గుమాస్తాగా చేశారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన ముందు చెప్పేది ధర కాదు, "ఇయ్యాళ కాయ ఎంతొచ్చింది" అని. బస్తా ధర పెరిగితే రైతుకు సంతోషం, తగ్గితే కొనేవాడికి సంతోషం. కొట్టుకు మాత్రం సరుకు చేతులు మారాలి, అది చాలు. బీఎస్‌ఈ కూడా అలాంటి కొట్టే. సెన్సెక్స్ ఎటు పోయిందన్నదాని కంటే ఎంత వ్యాపారం జరిగిందన్నదే దాని ఆదాయాన్ని నిలబెడుతుంది.

2023లో జరిగింది అదే. మే 15న సెన్సెక్స్, బ్యాంకెక్స్ (బ్యాంకు షేర్ల సూచీ) డెరివేటివ్‌లను, అంటే ఆ సూచీల మీద నడిచే ఫ్యూచర్లు, ఆప్షన్ల కాంట్రాక్టులను, లాట్ సైజు (ఒక కాంట్రాక్టులో ఉండే యూనిట్ల సంఖ్య) తగ్గించి, ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు ముగిసే రోజు) శుక్రవారానికి మార్చి మళ్లీ మొదలుపెట్టారు. జనం ఎగబడ్డారు. నేను ఆర్‌ఎస్‌ఐని చూస్తూ కూర్చున్నాను గానీ, మార్కెట్‌కు కాయ ఎంతొస్తోందో చూడలేదు. చూసి ఉంటే అమ్మేవాణ్ణి కాదు.

అందుకే ఇప్పుడు ముందు టర్నోవర్ చూస్తాను. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా విను. ఆప్షన్లలో నోషనల్ టర్నోవర్ (కాంట్రాక్టు వెనకున్న సూచీ మొత్తం విలువ) వేరు, ప్రీమియం టర్నోవర్ (ఆప్షన్ కొనడానికి నిజంగా కట్టే డబ్బు) వేరు. సెన్సెక్స్ 80,000 దగ్గర ఉండి లాట్ 20 అయితే ఒక లాట్ నోషనల్ విలువ 16 లక్షలు. ఆ ఆప్షన్ ప్రీమియం 100 రూపాయలైతే చేతులు మారింది 2,000 మాత్రమే. ఎక్స్ఛేంజ్ ఫీజు పడేది ఈ 2,000 మీదే. వార్తల్లో "లక్షల కోట్ల టర్నోవర్" అని కనిపిస్తే అది ఏ లెక్కో ముందు చూసుకో. ప్రీమియం టర్నోవర్ నెలనెలా పెరుగుతూ, వీక్లీ ఆర్‌ఎస్‌ఐ (వారం ధరలతో వేసినది) కూడా 60 పైన ఉంటే ఆ ఊపుకు ఆధారం ఉన్నట్టు. ధర కొత్త గరిష్ఠానికి చేరుతున్నా ఆర్‌ఎస్‌ఐ కిందటిసారి ఎక్కినంత ఎక్కకపోతే, దానికి తోడు ప్రీమియం టర్నోవర్ కూడా చల్లబడితే, నేను సగం అమ్ముతాను.

ఎంఏసీడీ అనే ఇంకో మొమెంటం ఇండికేటర్ గురించి ఎక్కువ చెప్పను. 12, 26 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ (ఇటీవలి ధరలకు ఎక్కువ బరువిచ్చే) సగటుల తేడా, దాని మీద 9 రోజుల సిగ్నల్ గీత. ఈ షేరు పక్కకు నడిచే రోజుల్లో డైలీ ఎంఏసీడీ పైకీ కిందికీ దాటుతూనే ఉంటుంది, బ్రోకరేజీ తప్ప ఏమీ మిగలదు. వీక్లీలో వాడితేనే నాకు ఉపయోగపడింది.

ఏ ఇండికేటరూ ముందుగా చూపించలేనిది ఒకటుంది, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు. 2024 ఏప్రిల్ చివర్లో రెగ్యులేటరీ ఫీజును ప్రీమియం మీద కాదు, నోషనల్ టర్నోవర్ మీద కట్టాలని బీఎస్‌ఈకి సెబీ చెప్పింది. ఏప్రిల్ 29, సోమవారం షేరు సుమారు 13 శాతం పడింది. శుక్రవారం దాకా చార్ట్‌లో దాని జాడ లేదు. అప్పటికి నేను మళ్లీ కొని ఉన్నాను, ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు. 2025 జూలైలో కరెంటు వ్యాపారం జరిగే ఐఈఎక్స్‌కూ అంతే. మార్కెట్ కప్లింగ్‌పై (అన్ని కరెంటు ఎక్స్ఛేంజ్‌ల బిడ్లనూ కలిపి ఒకే ధర తేల్చడం) విద్యుత్ నియంత్రణ సంస్థ ఉత్తర్వు వచ్చిన మర్నాడే షేరు పావు వంతుకు పైగా పడిపోయింది. ఎక్స్ఛేంజ్ కంపెనీలు నియంత్రణ సంస్థ ఒక్క మాటతో ఆదాయం మారిపోయే వ్యాపారంలో ఉన్నాయి. కాబట్టి ఎంత నమ్మకమున్నా, మొత్తం పెట్టుబడిలో ఈ రకం షేర్లు పదో వంతు దాటకుండా చూసుకుంటాను. స్టాప్‌లాస్ (ఫలానా ధరకు పడితే అమ్మెయ్యమనే ఆర్డరు) పెట్టినా, గ్యాప్‌డౌన్‌లో, అంటే షేరు ముందు రోజు ధర కంటే బాగా కిందే మొదలైతే, అది ఎక్కడో కింద అమలవుతుంది.

ఇంకో మాట, సొంతంగా ఎక్సెల్‌లో లెక్క వేసుకునేవాళ్లకు. 2025 మేలో బీఎస్‌ఈ ఒక షేరుకు రెండు బోనస్ షేర్లు ఇచ్చింది, రికార్డు తేదీ మే 23. ధర మూడో వంతుకు సర్దుకుంది. పాత ధరలను మూడుతో భాగించకుండా వదిలేసిన నా షీట్‌లో ఆర్‌ఎస్‌ఐ ఒక్కసారిగా పాతాళానికి పడింది. షేరు కుప్పకూలిందనుకుని అమ్మకానికి ఆర్డరు కూడా టైపు చేశాను, ఆఖరి క్షణంలో డీమ్యాట్‌లో షేర్ల సంఖ్య గుర్తొచ్చి ఆగాను. నీ చార్ట్ ధరలు బోనస్‌కు సర్దినవో కాదో ఒకసారి చూసుకో.

నీ స్థానంలో నేనుంటే ఈ వారం ఒక్క షేరూ అమ్మను. వీక్లీ చార్ట్ తెరిచి, గత ఏడాదిలో షేరు తగ్గినప్పుడల్లా ఆర్‌ఎస్‌ఐ ఎక్కడ ఆగి వెనక్కి తిరిగిందో గుర్తుపెట్టుకుంటాను. ఊపు బతికున్నంత కాలం అది సాధారణంగా 40-50 మధ్య ఆగుతుంది. 40 తెగితే 30 షేర్లు అమ్మి, మిగతా 30 ఆ నెల టర్నోవర్ లెక్క వచ్చేదాకా ఉంచుతాను. నువ్వు ఏ ధరకు, ఏ నెలలో కొన్నావో రాయలేదు. బోనస్‌కు ముందు కొన్నావా, తర్వాతా? అది కింద రాయి తమ్ముడూ, పన్ను లెక్క కూడా దాన్ని బట్టే ఉంటుంది.