ఆ గ్లవ్స్ హాల్లో ఆరేయండి

ప్రశ్న: మాది గుంటూరు. పాతికేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మావారు డాక్టర్. 22 ఏళ్ల మా బాబు చదువు ఆపేసి ఇక్కడి ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె అయిన లీగ్ టూలో ఒక క్లబ్బుకి గోల్‌కీపర్‌గా చేరాడు. మూడేళ్లుగా ఎక్కువగా బెంచీ మీదే. కాంట్రాక్టు ఏడాదికోసారి. మావారు ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. ఎవరడిగినా ‘స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు’ అంటారు. వాడి గ్లవ్స్ నేనే ఉతికి, ఆయన కంటపడకుండా బాత్రూంలో ఆరేస్తాను. క్లబ్బు వదిలేస్తే వాడి గతేమిటి? సంబంధాల వాళ్లకి ఏం చెప్పాలి?

జవాబు: సంబంధాల సంగతి ముందే తేల్చేద్దాం. 22 ఏళ్ల పిల్లాడికి తొందరేమీ లేదు. ఎవరైనా వస్తే ఉన్నదున్నట్టు చెప్పండి. నచ్చనివాళ్లు కాఫీ తాగి వెళ్లిపోతారు.

క్లబ్బు వదిలేస్తుందేమోనన్న భయం మాత్రం నిజమే. కాంట్రాక్టులు ముగిసే జూన్ 30 దగ్గర పడుతుంటే కింది లీగుల్లో చాలామందికి నిద్ర పట్టదు. గోల్‌కీపర్‌కి మరీను. జట్టులో ఆ చోటు ఒక్కటే. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, లేదా ఫామ్ పోవాలి. అందాకా వామప్‌లో అతనికే బంతులు కొట్టిపెట్టి, కోటు తొడుక్కుని కూర్చోవాలి. దానికెంత నిబ్బరం కావాలో మీవారికి తెలియదంటే నమ్మను. ఆయనా ఒకప్పుడు సీనియర్ల వెనక నిలబడి పని నేర్చుకున్నవారే కదా.

గోల్‌కీపర్ నిక్ పోప్‌ని ఇప్స్‌విచ్ క్లబ్బు పదహారేళ్లకే వద్దంది. బరీ టౌన్ అనే చిన్న జట్టుకి ఆడుతూ, ఇల్లిల్లూ తిరిగి పాలు వేశాడు. 2018లో ఇంగ్లండ్ జట్టుతో ప్రపంచ కప్‌కి వెళ్లాడు. మీవాడూ అంతవాడవుతాడని నేననను. నాకు జిమ్మీ గ్లాస్ అనే ఇంకో గోల్‌కీపర్ ఎక్కువ నచ్చుతాడు. 1999 మే 8న తన క్లబ్బు కార్లైల్ గోలు వదిలేసి, అవతలి జట్టు ప్లిమత్ గోలు దాకా పరుగెత్తి, ఆఖరి క్షణాల్లో గోలు కొట్టి, లీగు నుంచి జారిపోబోతున్న క్లబ్బుని నిలబెట్టాడు. కార్లైల్‌కి అతను ఆడింది మూడే మ్యాచ్‌లు. తర్వాత టాక్సీ నడుపుకున్నాడు. అందులో తలదించుకోవాల్సిందేముంది?

తలదించుకుంటున్నది మీవారే. మీరు రాసిన ఉత్తరంలో నన్ను పొడిచింది కాంట్రాక్టు కాదు, బాత్రూంలో ఆరేసిన ఆ గ్లవ్స్. ఆయన చుట్టాల ముందు అబద్ధమాడుతున్నారు, మీరు ఇంట్లో దాన్ని కాపు కాస్తున్నారు. తండ్రి మాట వినాలనే నేనూ పిల్లలకి చెబుతాను. కానీ కొడుకు పని చెప్పుకోవడానికి నామోషీ పడే తండ్రికి ఆ మాట చెల్లదు. పక్క గదిలో ఆ పిల్లాడు ఆ అబద్ధాన్ని ఎన్నిసార్లు విన్నాడో!

ఆటగాళ్ల సంఘం, అదే పీఎఫ్ఏ, చదువులకి సాయం చేస్తుంది. మీవాణ్నే అడిగి తెలుసుకోమనండి. ఏదైనా కోర్సులో చేరితే మీవారి అబద్ధం కాస్త నిజమైనా అవుతుంది. ఆ కాగితాలు మాత్రం ఆయన చేతికివ్వకండి, మళ్లీ గొడవ.

గ్లవ్స్ ఇకనుంచి హాల్లో ఆరేయండి. ఆయన టీవీ చూసే చోటే. సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న శనివారానికి రెండు టికెట్లు కొని, ఒకటి ఫ్రిజ్ మీద పెట్టండి. బతిమాలొద్దు, అలగొద్దు. ఆయన రాకపోతే మీరు ఒక్కరే వెళ్లండి. ఆట మూడింటికైనా రెండుంబావుకల్లా చేరండి. మీవాడు గ్లవ్స్ తొడుక్కుని గడ్డిమీద కనబడేది ఆ కాసేపే.