యాంటిగొనీ ఇస్మీనీని ఎందుకు దూరం పెట్టింది?

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన 'యాంటిగొనీ' నాటకం (క్రీ.పూ. 441 ప్రాంతం) మొదలయ్యేదే యాంటిగొనీ తన తోబుట్టువు ఇస్మీనీని ఎంతో ఆప్యాయంగా పిలవడంతో. యుద్ధంలో చనిపోయిన సోదరుడు పాలినైసిస్‌ను పూడ్చకూడదని రాజు ఆజ్ఞ; అయినా పూడ్చిపెడదాం రమ్మంటుంది యాంటిగొనీ. మనం ఆడవాళ్లం, రాజాజ్ఞను ఎదిరించలేమని ఇస్మీనీ వెనక్కి తగ్గుతుంది. ఆ చనువు అక్కడే తెగిపోతుంది.

తర్వాత యాంటిగొనీ ఒక్కతే ఆ పని చేసి పట్టుబడినప్పుడు, రాజు క్రియాన్ ఎదుట ఇస్మీనీ తనకూ ఇందులో భాగముందంటుంది, కలిసి చస్తానంటుంది. యాంటిగొనీ ఒప్పుకోదు: నువ్వు బతుకును ఎంచుకున్నావు, నేను చావును ఎంచుకున్నాను అంటుంది. ఇది కసి అనే అనిపిస్తుంది. కానీ నీ ప్రాణం కాపాడుకో, నువ్వు బయటపడితే నాకు అసూయ లేదని కూడా ఆమే అంటుంది. నాకు ఆ కరుకుదనం వెనక ప్రేమే కనిపిస్తుంది.

అయినా మృత్యువు వైపు నడుస్తూ, రాజవంశంలో మిగిలిన చివరి బిడ్డను నేనేనంటుంది. ఇస్మీనీ ఇంకా బతికే ఉంది! ఆ మాట దగ్గరే గుండె కలుక్కుమంటుంది.