సర్వీస్ ఛార్జీ కట్టనంటే తలుపు దగ్గర ఆపవచ్చా?

సందేహం: మాది హనుమకొండ. పోయిన నెల హైదరాబాద్ వెళ్లినప్పుడు ఇంటిల్లిపాదీ ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌లో భోంచేశాం. రెండు నీళ్ల బాటిళ్లతో కలిపి తిన్నది 2,400 రూపాయలు. బిల్లు మాత్రం 2,772 వచ్చింది. అందులో సర్వీస్ ఛార్జీ 240 ఉంది. తీసేయమంటే "మెనూ కార్డులో రాసే ఉంది సార్, మీరే చూసుకోవాలి" అన్నాడు మేనేజర్. కట్టనన్నాను. సెక్యూరిటీ అతను వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. పిల్లల ముందు గొడవెందుకని కట్టేసి వచ్చాను. వెయిటర్ల పొట్ట కొట్టడం దేనికని మా ఆవిడ అంటోంది. ఆ ఛార్జీ కట్టాల్సిందేనా? 20 రూపాయల బాటిల్‌కు 50 వేయొచ్చా? కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: సర్వీస్ ఛార్జీ కట్టక్కర్లేదు. బాటిల్ విషయంలో మాత్రం చట్టం మీ వైపు లేదు. కట్టిన డబ్బు వెనక్కి అడగడానికి దారి ఉంది, దానికి లాయర్ కూడా అవసరం లేదు.

మీరు పంపిన బిల్లు ఫొటో చూశాను. ఐటమ్స్ మొత్తం 2,400. దాని కింద సర్వీస్ ఛార్జీ 10 శాతం, 240. అక్కడికి 2,640. ఆ కిందే సీజీఎస్టీ 66, ఎస్‌జీఎస్టీ 66. మూడూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆదరాబాదరాగా చూసేవాళ్లకు మూడూ ప్రభుత్వ పన్నుల్లాగే కనిపిస్తాయి. 2017 జూన్ వరకు బిల్లుల్లో సర్వీస్ ట్యాక్స్ అని నిజంగానే ఒక పన్ను ఉండేది కాబట్టి ఆ పేరు చాలామందికి ఇంకా నోట్లో నానుతోంది. సర్వీస్ ఛార్జీకీ ప్రభుత్వానికీ ఏ సంబంధమూ లేదు, అది హోటల్ గల్లాపెట్టెలోకే పోతుంది. ఇంకోటి గమనించారా? జీఎస్టీని 2,400 మీద కాక 2,640 మీద లెక్కవేశారు. అంటే కట్టక్కర్లేని 240కి మీరు 12 రూపాయల పన్ను కూడా కట్టారు. మీ అసలు బిల్లు 2,520. పోయింది 240 కాదు, 252.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు తమంతట తాము బిల్లులో సర్వీస్ ఛార్జీ కలపకూడదు. పేరు మార్చి వసూలు చేయకూడదు. కట్టమని బలవంతపెట్టకూడదు, కట్టనన్నవాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. దాన్ని భోజనం బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. మీ బిల్లులో జరిగింది సరిగ్గా ఈ చివరిదే.

రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. చాలామంది మేనేజర్లకు తెలిసిన కథ అక్కడితో ఆగిపోయింది, "కోర్టు స్టే ఉంది సార్" అని ఇప్పటికీ చెబుతుంటారు. 2025 మార్చి 28న అదే హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. సర్వీస్ ఛార్జీని తప్పనిసరి చేసి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అంది. సంఘాలకు తలా లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. వాళ్లు అదే హైకోర్టులో డివిజన్ బెంచ్‌కు, అంటే ఇద్దరు జడ్జీల ధర్మాసనానికి, అప్పీలు వేసుకున్నారు. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు. స్టే ఉందని ఎవరైనా అంటే ఆ ఉత్తర్వు కాపీ చూపించమనండి.

"మెనూలో రాశాం, మీరు చదివి కూర్చున్నారు, కాబట్టి ఒప్పుకున్నట్టే" అన్న వాదన ఆ కోర్టులోనూ వచ్చింది, నిలబడలేదు. నా మటుకు నాకు ఇందులో పెద్ద చిక్కు కనిపించదు. ధర పెంచుకునే స్వేచ్ఛ హోటల్‌కు పూర్తిగా ఉంది. 300 రూపాయల బిర్యానీని 330 చేసుకోమనండి, ఎవరూ అడ్డుకోరు. కానీ అలా చేస్తే పక్క హోటల్‌తో పోల్చినప్పుడు ధర ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే మెనూలో 300 అని చూపించి, తిన్నాక ఆ ముప్పై వేరే లైన్‌లో వేస్తారు. మీకు అభ్యంతరం ఉండాల్సింది ఆ ముప్పై మీద కాదు, దాన్ని దాచిపెట్టిన తీరు మీద.

మీ శ్రీమతి గారి మాటలో న్యాయం ఉంది. వెయిటర్‌కు ఇవ్వాలనిపిస్తే తప్పకుండా ఇవ్వండి. కాకపోతే ఆ 240 అతని దాకా చేరుతుందన్న భరోసా ఏ చట్టంలోనూ లేదు, యజమాని ఎలా పంచినా మనకు తెలియదు. అతని చేతిలో పెట్టిన వంద నోటు మాత్రం అతనిదే. ఇష్టపడి ఇచ్చే టిప్‌ను హైకోర్టు తప్పు పట్టలేదు. కోర్టు క్యాంటీన్‌లో టీ తాగి లేచిపోయే మా బోటి వాళ్లకు ఈ ధర్మసంకటం లేదు లెండి.

సెక్యూరిటీ అతను తలుపుకు అడ్డం నిలబడటం నాకు అసలు బిల్లు కంటే పెద్ద విషయం. వెళ్లే హక్కున్న మనిషిని దారిలో అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గదిలోనో హాల్లోనో బయటకు పోనివ్వకుండా నిర్బంధిస్తే 127వ సెక్షన్, అక్కడ శిక్ష ఏడాది వరకు. అయితే ఇది మీకు పనికి రావాలంటే మీ చేతులు శుభ్రంగా ఉండాలి. బిల్లు మొత్తం ఎగ్గొట్టి లేచిపోతే కథ అడ్డం తిరుగుతుంది. తిన్నదానికీ, దాని మీద పన్నుకూ కలిపి 2,520 యూపీఐలో కట్టేసి, "ఇదిగో నా పేరు, ఫోన్ నంబర్. మిగతా 252 నేను బాకీ అనుకుంటే నా మీద దావా వేసుకోండి" అని నింపాదిగా చెప్పండి. అప్పుడూ తలుపు తీయకపోతే 112కు ఫోన్ చేయండి. పక్కన పిల్లలో, ముసలివాళ్లో ఉండి ఆ గొడవ వద్దనిపిస్తే మొత్తం కట్టేయడమే మేలు. బిల్లు మీద "సర్వీస్ ఛార్జీ అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి. కట్టినంత మాత్రాన మీ హక్కు పోదు.

బాటిల్ సంగతి. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. హోటల్‌లో కూర్చుని తాగే నీళ్ల బాటిల్ కిరాణా కొట్టులో అమ్మకం లాంటిది కాదు, కుర్చీ, ఏసీ, వడ్డన అన్నీ కలిసిన సేవ, కాబట్టి ఎమ్మార్పీకి మించి తీసుకున్నా తూనికలు కొలతల చట్టం కింద నేరం కాదు అంది. ఇక్కడ నాకో గొణుగుడు ఉంది. కుర్చీకీ ఏసీకీ బాటిల్ మీద ఒకసారి తీసుకుని, మళ్లీ సర్వీస్ ఛార్జీ దేనికట? ఆ సంగతి ఎలా ఉన్నా, మీ 50 మీద పోరాడి లాభం లేదు. "మామూలు నీళ్లు లేవు, బాటిల్ కొంటేనే భోజనం" అని ఉంటే మాత్రం వేరు, ఒకటి కొనాలంటే ఇంకొకటి కొనాల్సిందే అనడం వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదుకు తగిన కారణమే.

మీ జీఎస్టీ రేటు సరైనదే. ఏసీ ఉన్నా లేకపోయినా మామూలు రెస్టారెంట్లకు 5 శాతమే. ఏసీకి ఎక్కువ పన్నన్నది 2017 నవంబర్‌తో పోయింది. ఒక్కటి చూసుకోండి: బిల్లు మీద 36తో మొదలయ్యే 15 అంకెలు, అక్షరాల నంబర్ ఉంటుంది. దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే హోటల్ వివరాలు వస్తాయి. కంపోజిషన్ అని, అంటే చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తామే కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి అని ఉంటే, వాళ్లకు మన దగ్గర జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు.

ఇక డబ్బు. ముందు హోటల్‌కు ఒక మెయిల్ పెట్టండి: తేదీ, బిల్లు నంబర్, 252 వాపసు చేయండి, గడువు పదిహేను రోజులు. నాలుగు లైన్లు చాలు, తిట్లు వద్దు. చాలా చోట్ల ఇక్కడే పని అయిపోతుంది. కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఖర్చు లేదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదుల ఆధారంగానే 2025 ఏప్రిల్‌లో సీసీపీఏ ఢిల్లీలో అయిదు రెస్టారెంట్లకు సర్వీస్ ఛార్జీ వాపసు చేయమని నోటీసులు ఇచ్చింది. జిల్లా కలెక్టర్‌కు రాసినా సీసీపీఏ విచారణ దాకా వెళ్లే అవకాశం ఉంది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. తిన్నది హైదరాబాద్‌లో అయినా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసి మీరే వాదించుకోవచ్చు. 252 రూపాయలతో పాటు మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. కానీ పది లక్షలు అడగకండి. అలాంటి అంకె చూడగానే నిజమైన ఫిర్యాదు కూడా బేరంలా కనిపిస్తుంది.

ఒక్క పని మాత్రం ఈరోజే చేయండి. మీ దగ్గరున్నది థర్మల్ పేపర్ బిల్లు. ఫొటోలోనే కింది రెండు లైన్లు వెలిసిపోతున్నాయి. జిరాక్స్ తీయించి, అసలుదాన్ని ఎండ తగలని చోట కవర్‌లో పెట్టండి. యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి. ఆ హోటల్ మెనూ కార్డు ఆన్‌లైన్‌లో దొరికితే, సర్వీస్ ఛార్జీ గురించి రాసిన పేజీని వాళ్లు మార్చకముందే సేవ్ చేసుకోండి.