లినక్స్‌లో గేములా? ఏ గేమో ముందు చెప్పండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోల. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసిన దగ్గర్నుంచీ, పాత కంప్యూటర్ ఉన్న ప్రతివాడికీ ఎవరో ఒకరు విండోస్‌కి బదులు ఊరికే దొరికే లినక్స్ వేసుకోమని చెబుతున్నట్టున్నారు. అందుకని ఈసారి ప్రింటర్ల బాధలు, వైఫై బాధలు పక్కన పెట్టి గేముల సంగతే చూద్దాం.

ప్రశ్న: అన్నా, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. నా డెస్క్‌టాప్‌లో ఏడో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 కార్డు. విండోస్ 11 ఎక్కదంటోంది. ఆఫీసులో ఒకాయన లినక్స్ వేసుకో, గేములన్నీ నడుస్తాయి అంటాడు. రూమ్మేటేమో అదంతా ఉత్తిదే అంటాడు. ఎవరి మాట నమ్మాలి? – ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు తమ్ముడూ. ఏం ఆడతావో మాత్రం నువ్వు రాయలేదు, అసలు తేలాల్సింది అదే.

ఒక్కడివే కూర్చుని కథ నడిపించుకునే గేములైతే, అంటే విచర్ 3, ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ లాంటివైతే, నిశ్చింతగా మారిపో. గేములు అమ్మే స్టీమ్ అనే ప్రోగ్రాంలో ప్రోటాన్ అనేది ఒకటుంటుంది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో తెచ్చింది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ 1993 నుంచీ ఉంది, ప్రోటాన్ దాని మీద కట్టిందే. ఇదేదో కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టడం అనుకోకు. కన్నడం కూడా వచ్చిన మా హిందూపురం వాణ్ణి వెంటబెట్టుకుని బెంగళూరు మెజెస్టిక్‌లో ఆటో బేరమాడినట్టు ఉంటుంది వ్యవహారం. బొమ్మ గీయమని గేమ్ విండోస్ వాడే డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడుగుతుంది, లినక్స్‌కి వచ్చింది వల్కన్ భాష, మధ్యలో డీఎక్స్‌వీకే అనేవాడు అటుదిటు ఇటుదటు చెప్పేస్తుంటాడు. కాబట్టి స్పీడు పెద్దగా పోదు, ఏఎండీ కార్డుల మీద కొన్ని గేములు విండోస్‌తో సమానంగానే నడుస్తాయి. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారుచేస్తున్నానని కాసేపు ఆగుతుంది, హ్యాంగ్ అయిందనుకుని కంగారుపడి ఆపేయకు.

ఇక మీ రూమ్మేట్ మాట. వాడు వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడేవాడు అయ్యుంటాడు, పందెం కాస్తాను. వాలరెంట్‌లో మోసగాళ్లని పట్టుకోవడానికి వ్యాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ ఉంది, అది విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలికే వెళ్లి కూర్చుంటుంది. లినక్స్‌లో ఆ కెర్నెలే లేనప్పుడు అదెక్కడ కూర్చోవాలి? అందుకని నడవదు. ఫోర్ట్‌నైట్, పబ్‌జీ పీసీ వెర్షన్, బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా యాంటీ చీట్ దగ్గరే ఆగిపోతాయి. ఏపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు చక్కగా నడిచింది, 2024 అక్టోబరు చివర్లో మోసాలు ఎక్కువయ్యాయని ఆ గేమ్ కంపెనీ ఈఏ వాళ్లే లినక్స్‌కి తలుపు మూసేశారు. జీటీఏ 5 కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ మాత్రం 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ పెట్టాక పోయింది. ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతేంటంటే, బ్యాటిల్‌ఐ, ఈజీ యాంటీ చీట్ రెండూ 2021 నుంచే ప్రోటాన్‌తో పనిచేయగలవు, గేమ్ చేసినవాళ్లు సరే అని ఒప్పుకోవాలి అంతే, చాలామంది ఒప్పుకోవడం లేదు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2లకి ఈ తలనొప్పి లేదు, అవి నేరుగా లినక్స్‌కే వస్తాయి.

ఇన్‌స్టాల్ చేసే ముందు ప్రోటాన్‌డీబీ అనే సైట్లో నీ గేముల పేర్లు కొట్టి చూసుకో. ఆడినవాళ్లే ప్లాటినం, గోల్డ్ అంటూ మార్కులేస్తారు. బోర్క్‌డ్ అని ఉంటే ఆ గేమ్ మీద ఆశ వదులుకోవడమే. లినక్స్‌లలో ఏది అంటావా, మామూలు పనులు కూడా చేసుకోవాలంటే మింట్, కేవలం గేముల కోసమే అయితే బజైట్. నీది ఏఎండీ కార్డు కాబట్టి డ్రైవర్ లినక్స్‌తోపాటే వచ్చేస్తుంది. విండోస్ అలవాటు కొద్దీ కంపెనీ సైటుకి వెళ్లి ఏదో దించి ఎక్కించకు, బాగున్నదాన్ని చెడగొట్టుకోవడం తప్ప ఏమీ ఉండదు.

ఇంకొక్క మాట, ఇది నేను ఒక రాత్రంతా నిద్ర పోగొట్టుకుని నేర్చుకున్నది. విండోస్ డ్రైవులో ఉన్న గేముల్నే లినక్స్ నుంచి కూడా ఆడేద్దాం, మళ్లీ 100 జీబీ ఎవడు దించుతాడు అనిపిస్తుంది. వద్దు. ప్రోటాన్ ప్రతి గేముకీ ఒక చిన్న నకిలీ సీ డ్రైవు పెట్టుకుంటుంది, అందులో కోలన్ (:) గుర్తున్న పేర్లుంటాయి, విండోస్ ఫైళ్లు దాచే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో అవి కుదరవు. ఒక్కోసారి నడిచినట్టే నడిచి, ఆనక గేమ్ తెరుచుకోదు, ఎందుకో చెప్పదు. అందుకే గేమ్ ఫోల్డర్‌ని లినక్స్ డ్రైవులో స్టీమ్ ఫోల్డర్ కిందకి కాపీ చేసి ఇన్‌స్టాల్ నొక్కు. ఉన్న ఫైళ్లు చూసుకుని, లేనివి మాత్రమే దించుకుంటుంది. పీజీ వైఫైకి అదే పదివేలు.

శనివారం రాత్రుళ్లు రూమ్మేట్లతో వాలరెంట్ తప్పదంటే పాత విండోస్‌ని ఓ మూల ఉంచుకో. అందులోంచి బ్యాంకు పనులు మాత్రం చేయకు.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి టెన్త్. పొద్దస్తమానం గేములే. లినక్స్ వేస్తే గేములు రావని తెలిసినవాళ్లు చెబితే, పోయిన నెల మనిషిని పిలిపించి వేయించాను. వాడేం గొడవ చేయలేదు, పైగా సంతోషంగా ఉన్నాడు. తలుపేసుకుని చదువుకుంటున్నానంటాడు. నాకెందుకో అనుమానంగా ఉంది. – ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, మీ అనుమానం నూటికి నూరుపాళ్లు నిజమై ఉంటుంది. మీకు చెప్పినవారి సమాచారం ఓ పదేళ్ల పాతది. ఈపాటికి మీవాడు స్టీమ్ ఎక్కించుకుని, హీరోయిక్ అనే ప్రోగ్రాంతో ఎపిక్ అనే ఇంకో గేముల దుకాణం వాళ్లు ఊరికే ఇచ్చే గేములు కూడా లాగేసుంటాడు. అది చేతనైతే పిల్లాడు చురుకైనవాడే, ఆ మాట వాడితో మాత్రం అనకండి.

స్టీమ్ ఫ్యామిలీస్ అని ఒక ఏర్పాటుంది. మీ పేరుతో ఒక అకౌంటు తెరిచి వాణ్ణి పిల్లల జాబితాలో చేర్చుకుంటే, రోజుకి ఎంతసేపు, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది మీ ఫోన్లోంచే పెట్టొచ్చు. స్టీమ్‌లో లేని గేములకి ఇది పనికిరాదు, వాటికి మీ చెప్పులచప్పుడే గతి.

ప్రశ్న: ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాను. డ్రైవర్ కూడా ఎక్కించాను. అయినా గేములు స్లైడ్ షోలాగా కదులుతున్నాయి. – ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగిందా? తర్వాత రీస్టార్ట్ చేయగానే నీలం తెర ఒకటి వచ్చి ఏవో ఆప్షన్లు చూపిందా? అందరూ అక్కడ భయపడి కంటిన్యూ నొక్కేస్తారు. సెక్యూర్ బూట్ (కంప్యూటర్ తెరుచుకునేటప్పుడే గుర్తుతెలియని ప్రోగ్రాముల్ని ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే, ఆ తెరలో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి, లేకపోతే డ్రైవర్ ఉన్నా లోడ్ అవదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి, ఈసారి ఆ తెర వదలకండి. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే గేమ్ ఇంటెల్ గ్రాఫిక్స్ మీద నడుస్తోందన్నమాట. మెనూలో స్టీమ్ మీద రైట్ క్లిక్ చేస్తే, వేరే గ్రాఫిక్స్ కార్డుతో తెరిచే ఆప్షన్ కనిపిస్తుంది. ఇంత చేసినా కొన్ని డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల్లో ఎన్విడియా వాళ్లకి విండోస్‌లో వచ్చినంత స్పీడు రాదు, దానికి మనం చేయగలిగింది లేదు.

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1060 చవగ్గా ఇస్తామంటున్నారు. లినక్స్ గేమింగ్‌కి తీసుకోవచ్చా? – ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్

జవాబు: నేనైతే తీసుకోను. ఆ తరం కార్డులకి ఎన్విడియా 580 సిరీస్ డ్రైవరే ఆఖరు, 590 నుంచి వాటిని వదిలేశారు. పైన మారతహళ్లి తమ్ముడి దగ్గరున్న ఆర్‌ఎక్స్ 580 దొరికితే మేలు (అక్కడా 580, ఇక్కడా 580, గందరగోళపడకండి), దాని డ్రైవర్ అందరి చేతుల్లో ఉన్న ఓపెన్ సోర్స్ కాబట్టి కంపెనీ మొహం చూడక్కర్లేదు. కాకపోతే క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు అరిగిన కార్డులు చాలా తిరుగుతున్నాయి. నాకూ ఒకటి అంటగట్టారు అదే రోడ్డులో, నెల తిరక్కుండా ఫ్యాన్ పిండిమరలా మోగింది. షాపులోనే పావుగంట గేమ్ నడిపించి చూపించమనండి. సణుగుతారు, సణగనివ్వండి.

ప్రశ్న: సార్, చెన్నైలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి గోడో అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక గేమ్ చేస్తున్నాం. లినక్స్‌కి విడిగా బిల్డ్, అంటే నేరుగా లినక్స్‌లో నడిచే వెర్షన్, ఇవ్వాలా? అసలు దానికి భవిష్యత్తుందా? – ఒక విద్యార్థి, వలసరవాక్కం

జవాబు: విడిగా బిల్డ్ ఇవ్వండి అని ఇరవై ఏళ్లు అడిగి అడిగి అలసిపోయారు లినక్స్ వాళ్లు. లోకీ అనే కంపెనీ 1998లో విండోస్ గేముల్ని లినక్స్‌కి మార్చి అమ్మడం మొదలుపెట్టి 2002 నాటికి మూతపడింది. 2015లో స్టీమ్ మెషీన్లంటూ లినక్స్‌తో నడిచే గేముల పెట్టెలొచ్చాయి, వాటిమీద ఆడటానికి గేములు చాల్లేదు, అవీ పోయాయి. ఆ దెబ్బ తిన్నాకే వాల్వ్ రూటు మార్చి, ఎవర్నీ బతిమాలకుండా విండోస్ గేమునే నడిపిద్దాం అనుకుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ ఆ ఆలోచన మీదే నిలబడింది. దాన్ని మన దేశంలో వాల్వ్ నేరుగా అమ్మలేదు గానీ, దాని కోసం చేసిన బాగులన్నీ మన డెస్క్‌టాప్‌లకీ అందాయి. 2025 అక్టోబరులో స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది, తర్వాతి నెలలోనే కొత్త స్టీమ్ మెషీన్ ప్రకటించారు. 3 శాతమేనా అంటారేమో, కొన్నేళ్ల కింద 1 శాతం కూడా ఉండేది కాదు. యాంటీ చీట్ పీటముడి మాత్రం వాటా ఇంకా పెరిగితే తప్ప వీడదు, కంపెనీలకి నష్టం కనిపించాలి కదా.

మీ విషయానికొస్తే, గోడోలో లినక్స్ బిల్డ్ రావడానికి ఒక బటన్ చాలు, కానీ ప్రతి అప్‌డేట్‌కీ దాన్ని పరీక్షించే ఓపిక మీ ముగ్గురిలో ఒకరికైనా ఉంటేనే ఇవ్వండి. ఇచ్చి వదిలేసిన లినక్స్ బిల్డ్ కంటే ప్రోటాన్‌లో విండోస్ బిల్డే బాగా నడవడం నేను చాలా గేముల్లో చూశాను. ఏది ఇచ్చినా, స్టీమ్ డెక్ మీద ఆడేవాళ్ల కోసం మౌసు లేకుండా కంట్రోలర్‌తోనే మొత్తం ఆడగలగాలి, ఏడంగుళాల తెర మీద అక్షరాలు చదవగలగాలి. మొదట్లో వచ్చే వీడియోని విండోస్‌కే ప్రత్యేకమైన డబ్ల్యూఎంవీ లాంటి ఫార్మాట్లలో పెట్టకండి, మీ కథ మొదలవ్వాల్సిన చోట దూరదర్శన్ రంగు పట్టీలు కనిపిస్తాయి.